హోదాకొక ఐపీసు

మొన్నొక సాయంత్రం రాయపూర్ శంకర్ నగర్‌లో మా ఎదురింటి యువ ఇంజనీరు వచ్చాడు. మేడ మీద పెట్టుకోవడానికి టెలిస్కోపు కొన్నాడట. దానికి ఏ ఐపీసు తీసుకోవాలో, చలికాలంలో అద్దం మీద పట్టే మంచుకి ఏం చెయ్యాలో చెప్పమన్నాడు. టీ చల్లారేలోగా రెండూ చెప్పేశాను. ఆ రెండు ముక్కల కోసం నేను జగదల్‌పూర్ ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో చెప్పడానికి మాత్రం ఆ పూట చాలలేదు. అతను నవ్వి నవ్వి, "ఇది రాయండి అంకుల్, మా తరానికి పనికొస్తుంది" అన్నాడు. పనికొస్తుందన్న నమ్మకం నాకు లేదు. మీ తరంలో ఆఫీసర్లు లేకుండా పోయారా ఏమిటి? అయినా రాస్తున్నాను.

అతనికి చెప్పింది మీకూ చెబుతాను, లేకపోతే ఈ కథ అర్థం కాదు. టెలిస్కోపు ముందు వైపు ఉండే పెద్ద అద్దం వెలుతురు పోగు చేస్తుంది. కన్ను ఆనించే వైపు పెట్టే చిన్న గొట్టమే ఐపీసు. అది మార్చుకుంటూ బొమ్మని పెద్దదీ చిన్నదీ చేసుకోవచ్చు. పెద్దది చేసినకొద్దీ బొమ్మ మసకబారుతుంది, వణుకుతుంది. ఉన్న వెలుతురునే అంత మేర పరచాలి కదా! అందుకని మొదట కొనేది నడిమి రకం కొనుక్కోండి. ఇక మంచు సంగతి. ఆకాశం వైపు తిరిగి ఉన్న అద్దం గాలి కంటే తొందరగా చల్లబడి చెమ్మ పట్టేస్తుంది. దాని ముందు లోపల నలుపు పూసిన తొడుగు, నోటి వెడల్పుకి రెండింతల పొడవున తగిలిస్తే చాలాసేపు ఆగుతుంది. ఇంతే విద్య. ఇందులో ఎక్కడా హోదా ప్రసక్తి లేదని గమనించండి.

డెబ్భైల మధ్య మాట. రాయపూర్‌లో ఒక ప్రభుత్వ శాఖ ఆఫీసు వెనకాల, రేకుల షెడ్డులో, సర్వే పరికరాలు బాగుచేసే సెక్షన్ ఒకటి ఉండేది. కాలవలు తవ్వేవాళ్లూ రోడ్లు వేసేవాళ్లూ భూమి ఎత్తుపల్లాలు చూసే దుర్భిణి యంత్రాలు బురద కొట్టుకుని, మరలు విరిగి మా దగ్గరికి వచ్చేవి. విప్పి, అద్దాలు తుడిచి, బిగించి పంపేవాళ్లం. మొత్తం ముగ్గురం. విజయనగరం వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే జుట్టు నెరిసిన మేస్త్రీ ఒకాయన. యంత్రాలకి కాళ్లూ పెట్టెలూ చేసే ఛత్తీస్‌గఢీ వడ్రంగి ఒకడు. మెకానిక్‌ని నేను. మా నాన్న రైల్వేలో చేసేవాడు కాబట్టి నేను పుట్టింది ఇక్కడే. తెలుగు ఇంట్లో నేర్చుకున్నాను, హిందీ వీధిలో నేర్చుకున్నాను, నోరు మూసుకోవడం ఎక్కడా నేర్చుకోలేదు.

ఆ ఏడు, అప్పట్లో మా రాజధాని అయిన భోపాల్ నుంచి ఒక కబురు వచ్చింది. అక్కడ కొత్తగా వచ్చిన మా శాఖ పెద్దకి చిన్న చిన్న సెక్షన్లంటే కిట్టదట. కనపడినదాన్నల్లా మూసేస్తున్నాడట. ఆయన్ని భోపాల్ సాహెబు అందాం. మా సెక్షన్ ఫైలు కూడా ఆయన బల్ల మీదకి చేరింది. మూస్తే మేస్త్రీ ముందుగానే ఇంటికి, రోజుకూలీ మీద ఉన్న వడ్రంగి వీధికి, నేను జగదల్‌పూర్‌కి. నా భార్య అప్పుడు ఊళ్లో తెలుగు బడిలో చిన్న తరగతులకి చెప్పేది. తాత్కాలికంగా చేరి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే, ఆ వేసవికి ఉద్యోగం పక్కా చేస్తామని బడి కమిటీవాళ్లు మాటిచ్చారు. ఆ ఉద్యోగాన్ని ట్రంకుపెట్టెలో పెట్టుకుని జగదల్‌పూర్ తీసుకెళ్లడం కుదరదు కదా. అక్కడ తెలుగు బడి లేదు. "ఎలాగైనా ఆపించుకోండి, మీ ఆఫీసర్ని బతిమాలండి" అని రోజూ పొద్దున్న టిఫిన్ డబ్బాతో పాటు చెప్పి పంపేది.

మా ఆఫీసరు చెడ్డవాడు కాదు. భయస్తుడు. ఆయన్ని ఒట్టి సాహెబు అందాం. ఓడల మీద తిరిగే బావమరిది ఆయనకి ఒక టెలిస్కోపు తెచ్చి ఇచ్చాడు. తెల్లటి గొట్టం, మూడంగుళాల అద్దం, మూడు ఐపీసులు. అట్టపెట్టె మీద గ్రహాల రంగుల బొమ్మలూ, 'నాలుగు వందల యాభై రెట్లు' అన్న పెద్దక్షరాలూ ఉన్నాయి. సాహెబు ఆ అంకెని మంత్రంలా జపించేవారు. నన్ను బంగళాకి పిలిపించి, "మాఘ మాసంలో భోపాల్ సాహెబు తనిఖీకి వస్తున్నారు. రాత్రి భోజనం మా ఇంట్లో. భోజనానికి ముందు ఆయనకి శని ఉంగరం చూపించాలి. నువ్వు సరిగ్గా అమర్చావా, మీ సెక్షన్ సంగతి నేను మాట్లాడతాను" అన్నారు. ఎన్నో ఏళ్లుగా మేం బాగుచేసిన యంత్రాలు ఒక పక్కన, శని ఉంగరం ఒక పక్కన పెట్టి తూస్తే ఉంగరమే మొగ్గింది. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. దానికి సంతోషించడం ఎంత సిగ్గుచేటో అప్పుడు తట్టలేదు.

మొదటి సాయంత్రం బంగళా పెరట్లో నేనూ మనిషినే కాబట్టి నాలుగు వందల యాభై దానితోనే మొదలుపెట్టాను. పాల తొరకలాంటిదేదో వణుకుతూ వచ్చి ఓ మూల నుంచి జారిపోయింది. తిరిగి పట్టుకునేసరికి మెడ పట్టేసింది. విసుగొచ్చి అన్నిటికంటే తక్కువ రకం పెట్టాను. పెసరగింజంత శని, చుట్టూ ఒంటికి తగలకుండా సన్నటి ఉంగరం. రోజంతా దుర్భిణుల్లోంచి గజం బద్దలూ గట్లూ చూసిన కళ్లు ఇవి. మేస్త్రీనీ వడ్రంగినీ రమ్మన్నాను. ఆయన కళ్లజోడు తీసి చూసి, చాలాసేపటికి, "ఓరి నాయనా, నిజంగానే ఉంగరం తొడుక్కున్నాడ్రా ఈడు!" అన్నాడు. వడ్రంగి చూసి గట్టిగా అరిచాడు: "దిఖత్ హే భైయా! ముందరీ కస్ దిఖత్ హే!" ఉంగరంలా కనిపిస్తోందని. ముందరీ అంటే వాళ్ల మాటలో ఉంగరమే.

ఆ అరుపుకి సాహెబూ, ఆయన వెనకాలే ఆఫీసు హెడ్‌క్లర్కూ వచ్చారు. హెడ్‌క్లర్కుని అందరూ బడే బాబు అనేవారు. సాహెబు తుమ్మితే ఈయన జేబురుమాలు తీసేవాడు.

సంగతి చెప్పాను. పెద్ద ఐపీసుతో ఏమీ ఆనదు సార్, నడిమిదో చిన్నదో పెట్టాలి అన్నాను.

"ఇది ఎన్ని రెట్లు?" అన్నారు సాహెబు.

చెప్పాను. ఆయన మొహం ముడుచుకుంది. "భోపాల్ సాహెబుకి చిన్న శనిని చూపించమంటావా?"

"చిన్నదే గానీ స్పష్టంగా ఉంటుంది సార్."

బడే బాబు నాకేసి జాలిగా చూశాడు. "అరే భాయీ, స్పష్టంగా కావాలంటే గోడ మీద కేలండర్ చూసుకోవచ్చు. ఆయన స్థాయికి తగ్గట్టు ఉండాలి గదా. హర్ చీజ్ కా ఏక్ గ్రేడ్ హోతా హై."

ప్రతి వస్తువుకీ ఒక గ్రేడు ఉంటుందన్న ఆ మాట సాహెబుకి తెగ నచ్చింది. అక్కడే నిలబడి ఇద్దరూ ఒక ఏర్పాటు చేశారు. నాలుగు వందల యాభైది భోపాల్ సాహెబుకి. నడిమిది మిగతా ఆఫీసర్లకి. చిన్నది సిబ్బందికి. ఆడవాళ్లకి ఏది అని మాత్రం బడే బాబు కాసేపు తలపట్టుకున్నాడు. చివరికి భర్త హోదాని బట్టి అని తేల్చారు. మేము ముగ్గురమూ మొహాలు చూసుకున్నాం. ఈ లోకంలో ఆఫీసరుకి మసకా, నౌకరుకి ఉంగరమూ దక్కేలా రాసిన ప్రభుత్వ ఏర్పాటు నాకు తెలిసి ఇదొక్కటే. అందులోనూ మాకు అన్యాయం జరిగిందనే అందరూ అనుకున్నారు.

సాహెబు పెద్దదానితో చూశారు. చాలాసేపు చూశారు. పాపం, ఏమీ కనపడలేదని నాకు తెలుసు. లేచి, "బహుత్ బడా హై", చాలా పెద్దగా ఉంది, అన్నారు. బడే బాబు కూడా కన్నానించి, "బహుత్ హీ బడా హై సర్" అన్నాడు. "ఒక్కసారి ఈ చిన్నదానితో చూడండి సార్" అన్నాను. సాహెబు సిబ్బంది గిన్నెలో చెయ్యి పెట్టమన్నట్టు చూసి వెనక్కి తగ్గారు.

ఇక మంచు. ఆ సాయంత్రమే అద్దం చెమర్చింది. మర్నాడు డ్రాయింగు కాగితాలు చుట్టే అట్ట గొట్టం ఒకటి తీసుకుని, వడ్రంగీ నేనూ కలిసి లోపల నల్ల కాగితం అంటించి తొడుగు చేశాం. బంగళాకి తీసుకెళ్లి తగిలిస్తే మూడు సాయంత్రాలు అద్దం ఎండి ఉంది. నాలుగో సాయంత్రం సాహెబు చూశారు.

"ఇదేమిటి, పొగగొట్టమా?"

"మంచు పట్టకుండా సార్."

ఆయన లోపలికి వెళ్లి అట్టపెట్టె తెచ్చి దాని మీద బొమ్మ చూపించారు. బొమ్మలో తొడుగు లేదు. కంపెనీవాడికి తెలియదా, నీకే తెలుసా అన్నారు. విదేశీ వస్తువుకి అట్టముక్క తగిలించి భోపాల్ సాహెబు ముందు పరువు తీస్తావా అన్నారు. అయితే మంచు మాటేమిటన్నాను. ఆ బెంగ అక్కర్లేదు, మేమ్‌సాహెబ్ చూసుకుంటుంది అన్నారు.

మేమ్‌సాహెబ్ చూసుకుంది. సాహెబు భార్య మంచి మనిషి, చేతిలో ఎప్పుడూ ఊలు బంతి ఉండేది. తనిఖీకి రెండు రోజుల ముందు నేను వెళ్లేసరికి టెలిస్కోపు మెరూన్ రంగు స్వెటర్ తొడుక్కుని ఉంది. పైనుంచి కింద దాకా అల్లి, పక్కన గుండీలు కూడా పెట్టింది. ఒక్క ముందు అద్దం మాత్రం బోసిగా ఆకాశం కేసి చూస్తోంది. నాతో వచ్చిన మేస్త్రీ ఆ స్వెటర్ని వేలితో తడిమి, "గొట్టానికి జలుబు సెయ్యదు, అదొకటి నిజిం" అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరిగెత్తాను.

ఇంతలో బడే బాబుకి కొత్త భయం పుట్టుకొచ్చింది. తనిఖీ పడింది శనివారం. శనివారం పూట శనిని, అదీ అంత పెద్దవాడికి, దగ్గరికి లాగి చూపించడమేమిటి? మనం శనిదేవుణ్ణి చూస్తే ఫరవాలేదు, ఆయన తిరిగి మనల్ని చూస్తే? నాలుగు వందల యాభై రెట్ల దృష్టి పడితే ఎవరు తట్టుకుంటారు? ఈ ప్రశ్న బడే బాబు సాహెబుని అడిగాడు, సాహెబు మేమ్‌సాహెబ్‌ని అడిగారు. నన్నెవరూ అడగలేదు. గురుగ్రహం చూపిద్దాం, పేచీ ఉండదు అందామంటే అప్పటికి అది చీకటి పడగానే అస్తమించేస్తోంది. ఏదో శాంతి చేస్తే సరిపోతుందని మేమ్‌సాహెబ్ చెప్పిందట. ఆ 'ఏదో' ఏమిటో నేను ఆరా తియ్యలేదు. గుళ్లో చేస్తారనుకున్నాను.

శనివారం సాయంత్రం చీకటి పడేసరికి బంగళా ముందు పచ్చిక మీద కుర్చీలు వేశారు. చలికి మధ్యలో సిగిడీలో బొగ్గులు రాజేశారు. పకోడీల వాసన. స్వెటర్ వేసుకున్న టెలిస్కోపు ఒక పక్కన పెళ్లికొడుకులా నిలబడి ఉంది. నేను ఐపీసులో కన్నుపెట్టబోతుంటే బడే బాబు నా భుజం పట్టుకుని లాగాడు. "పహలే బడే సాహబ్! ఆయన కంటే ముందు నువ్వు చూస్తావా?" గురిపెట్టాలి కదా అంటే పక్కనున్న చిన్న గొట్టంతో గురిపెట్టుకో, పెద్దది ముట్టుకోకు అన్నాడు. అలాగే గురిపెట్టాను. అసలు గొట్టంలో ఏం కనిపిస్తోందో చూడకుండా ఒక పరికరాన్ని పనికి అప్పజెప్పడం నా ఉద్యోగ జీవితంలో అదొక్కసారే.

నడిమి ఐపీసు సాహెబు కోటు జేబులో పెట్టుకున్నారు, సిబ్బంది చేతులు పడకుండా. సిబ్బందిది నా చొక్కా జేబులో ఉంది.

భోపాల్ సాహెబు వచ్చాడు. లావాటి మనిషి, మాటలు తక్కువ. పకోడీ తిని, చేతులు తుడుచుకుని, వంగి కన్ను ఆనించాడు. సిగిడీలో బొగ్గు చిటపటలాడింది. ఆయన కదలడు. మా సాహెబు మెడ మీద ఆ చలిలో చెమట నాకు కనిపిస్తోంది.

ఆయన లేచాడు. చుట్టూ చూశాడు. "వాహ్!" అన్నాడు. "క్యా బాత్ హై!"

అంతే, పచ్చిక మీద పండగ. నడిమి ఐపీసు సంగతి అందరూ మరిచిపోయారు. ఆఫీసర్లందరికీ భోపాల్ సాహెబు చూసినదానితోనే చూడాలనిపించింది. ఒక్క సాయంత్రానికి అందరికీ ప్రమోషన్ వచ్చినట్టయింది. వరసగా వంగారు. ఒకాయన ఉంగరం గిర్రున తిరుగుతోందన్నాడు. ఇంకొకాయన ఒకటి కాదు, రెండు అన్నాడు. రెండన్నవాడి కంటే కింది ఆఫీసరు కాబట్టి కాబోలు, ఆ వెనకాయన ఒకటిన్నర దగ్గర ఆగాడు. బడే బాబు అసలు కన్నే తెరవలేదని నేను ఒట్టు వేసి చెప్పగలను. చేతులు జోడించి, "సాక్షాత్ దర్శన్" అన్నాడు.

చివర మేమ్‌సాహెబ్ చూసింది. "నాకేం కనిపించడం లేదే" అంది.

"నీకు చూడ్డం రాదు" అన్నారు సాహెబు.

నాకు అనుమానం వచ్చింది. అందరూ భోజనాల ముందు మరో విడత టీకి సిగిడీ చుట్టూ చేరాక, టార్చి తీసి ముందు అద్దం మీద వేశాను. ఇంగ్లీషులో అయినా హిందీలో అయినా ఆ దృశ్యానికి మాట లేదు. అద్దం నడిబొడ్డున బొటనవేలంత ఆవనూనె బొట్టు. దానికి అంటుకుని నాలుగు నల్ల నువ్వులు. దాని చుట్టూ అద్దం అంచుల దాకా దట్టంగా మంచు. శనికి నూనె పొయ్యాలి కదా. శని ఎక్కడున్నాడు? ఆ గొట్టంలో ఉన్నాడు. మరి ఎక్కడ పొయ్యాలి? మేమ్‌సాహెబ్ లెక్క తప్పని నేననను. మొత్తానికి భోపాల్ నుంచి రాయపూర్ దాకా ఉన్న అధికార గణమంతా ఇప్పటిదాకా చూసి పరవశించింది ఆవనూనెని.

పని చూడ్డానికి నాతో వచ్చి వెనకాల నిలబడ్డ మేస్త్రీకి చూపించాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"తుడవకురా తమ్ముడూ."

"అదేటి మేస్త్రీగారూ? ఆయన ఇంకోపాలి చూస్తే? ఏటీ కనపడలేదని మనమీదే పడతారు కదా?"

"ఆయన మళ్లీ చూడడు. చూసీసినాడు కదా. బాగుందన్నాడు కదా. మన సెక్షన్ ఉండిపోద్ది. నువ్వు ఊరుకో."

"నూనె చూసి బాగుందన్నాడండీ!"

"అయితే నీకేటి? ఆ నూనే మనకి అన్నం పెడతాది. ఊరుకోమంటున్నాను."

ఊరుకోవచ్చు. ఇప్పటికీ మీలో తెలివైనవాళ్లు ఊరుకోవడమే సరి అంటారు. నేను మాత్రం రెండు రకాలుగా ఆలోచించాను. ఒకటి, నిజమైన ఉంగరం చూస్తే ఆయన మనసు కరిగి మా సెక్షన్ని ఎప్పటికీ ముట్టుకోడని. అది నేను పైకి చెప్పుకున్నది. రెండోది, అంత అందమైనది నెత్తి మీద ఉండగా వీళ్లంతా నూనెబొట్టుని పొగుడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. అసలు సంగతి అదే.

గబగబా దూదిని స్పిరిట్‌లో ముంచి నూనె తీశాను. మెత్తటి పాత మల్లు గుడ్డతో అద్దాను. మంచు పోవడానికి గొట్టం మూతిని దూరం నుంచి సిగిడీ కేసి తిప్పి, మనం అరచేతులు కాచుకున్నట్టు కాసేపు కాచాను. అద్దం తేటపడింది. పెద్ద ఐపీసు తీసేసి, జేబులో ఉన్న సిబ్బంది ఐపీసు పెట్టి శని మీదకి తిప్పాను. ఉన్నాడు. గాలి కూడా నిలకడగా ఉంది, ఆ పూట ఇంతకు ముందు ఎన్నడూ లేనంత బాగున్నాడు. నేను సాహెబు దగ్గరికి కాకుండా నేరుగా భోపాల్ సాహెబు దగ్గరికి వెళ్లి, "సర్, మంచు పట్టింది, తుడిచాను. మెహర్బానీ చేసి ఒక్కసారి మళ్లీ చూడండి" అన్నాను.

బడే బాబు కప్పు కింద పెట్టి లేచాడు.

భోపాల్ సాహెబు లేచి వచ్చి వంగాడు. ఈసారి చాలా సేపు చూశాడు. ఆయన భుజాలు కొంచెం కిందకి దిగడం చూశాను. ఒక చెయ్యి, తెలియకుండానే, స్వెటర్ మీద పడింది. కనపడింది ఆయనకి. కనపడ్డవాడు ఎలా నిలబడతాడో నాకు తెలుసు, వడ్రంగీ అలాగే నిలబడ్డాడు. ఆయన అరిస్తే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

లేచాడు. ముందు మా సాహెబుని చూశాడు. తర్వాత వరసగా అందరినీ చూశాడు, రెండు ఉంగరాలాయన్నీ, ఒకటిన్నరాయన్నీ. ఆఖర్న నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఇందాక తాను చూసింది ఏమీ లేదని ఈ మనిషికి తెలుసు అన్న ఎరుక ఉంది. అది కోపం కంటే పాడుది.

"పహలే వాలా జ్యాదా అచ్ఛా థా" అన్నాడు. ముందు చూసిందే బాగుంది.

"జీ సర్, పహలే వాలా" అన్నారు అందరూ. రెండోసారి ఎవరూ చూడనే లేదు.

మా సాహెబు వచ్చి ఐపీసు చూశారు. ఆయన మొహం పాలిపోయింది. "ఇది... సిబ్బందిది పెట్టావా సర్‌కి?" అన్నారు. బడే బాబు భోపాల్ సాహెబుకి క్షమాపణ చెబుతూ, కింది తరగతి సామాను పొరపాటున తగిలించాడని, చర్య తీసుకుంటామని వివరిస్తున్నాడు. భోపాల్ సాహెబు ఏమీ అనకుండా భోజనానికి లోపలికి నడిచాడు. అందరూ వెనకే నడిచారు. మేమ్‌సాహెబ్ ఒక్కతే వెనకబడి, చీర కొంగు సర్దుకుని వంగి చూసింది. "అరే రామ్" అంది మెల్లిగా. "ఇంత అందగాడికా నేను శాంతి చేసింది?" అని మళ్లీ చూసింది. లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా ఆవిడ కన్ను తియ్యలేదు.

ఇంటికి వెళ్లి భార్యకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నా తెలివికి మురిసిపోతుందేమోనని లోపల ఎక్కడో ఆశ ఉండేది.

"మేస్త్రీగారు వద్దని చెప్పారా లేదా?" అంది.

"చెప్పారు."

"మరి ఎందుకు తుడిచారు? ఆయనెవరో నూనె చూస్తే మీకేం, నీళ్లు చూస్తే మీకేం? మీ దూర్‌బీన్ కోసం నా ఉద్యోగం తాకట్టు పెట్టారా? ఇన్నేళ్లు ఎవరి కోసం ఎదురుచూశాను నేను?"

ఆవిడ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. బాక్సు మాత్రం కట్టేది. అందులో ఊరగాయ ఉండేది కాదు. ఆవిడ కోపం న్యాయమైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

తర్వాత జరిగింది చూడండి. సెక్షన్ని మూయలేదు. చక్కగా పనిచేస్తున్న సెక్షన్ అని భోపాల్ సాహెబు మెచ్చుకున్నట్టు కబురు వచ్చింది. మేస్త్రీ ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు. మెకానిక్‌ని మాత్రం మార్చమన్నారు. నా భార్య ఉద్యోగం పక్కా అయింది. ఆవిడ రాయపూర్‌లోనూ నేను జగదల్‌పూర్‌లోనూ కాపురం చేశాం, పండగలకి బస్సుల్లో కలుసుకుంటూ. పిల్లల చిన్నతనం నేను చాలావరకు ఉత్తరాల్లో చదువుకున్నాను. అందుకే ఈ కథలో నవ్వు ఎక్కడ ఆపాలో నాకు సరిగ్గా తెలియదు.

బదిలీ కాగితం తీసుకోవడానికి సాహెబు గదికి వెళ్లాను. ఆయన ప్యూనుని బయటికి పంపి తలుపు వెయ్యమన్నారు. తిడతారేమో అనుకున్నాను.

"టెలిస్కోపు భోపాల్ వెళ్లిపోయింది" అన్నారు. "ఆయనకి నచ్చింది కదా. అడిగారు. ఇచ్చేశాను. స్వెటర్‌తో సహా. ఐపీసు మాత్రం పెద్దదొక్కటి చాలన్నారు."

ఆయన కాసేపు బల్ల మీద కాగితాలు సర్దారు. తర్వాత గొంతు తగ్గించి, "ఒక్క మాట చెప్పు. ఆ రోజు నువ్వు తుడిచాక... నిజంగా ఉంగరం కనిపించిందా?" అన్నారు.

"మీరు చూడలేదా సార్?"

"భోపాల్ సాహెబు ముందుదే బాగుందన్నాక నేనెలా చూస్తానయ్యా?"

"మీ ఇంట్లోనే ఉంది కదా సార్ ఇన్నాళ్లూ?"

"చిన్నదానితో చూడలేదు" అన్నారు. అని, నా కళ్లలోకి చూడకుండా, "ఎలా ఉంది?" అని అడిగారు.

చెప్పాను. లేత పసుపు రంగు, పెసరగింజంత. చుట్టూ ఉంగరం. ఉంగరానికీ గ్రహానికీ మధ్య రెండు పక్కలా నల్లటి ఆకాశం. ఎవరో ఇప్పుడే చేసి అక్కడ పెట్టినట్టు ఉంది సార్ అన్నాను. ఆయన పెన్ను పట్టుకుని, పిల్లాడు కథ విన్నట్టు, చివరిదాకా విన్నారు.

"అచ్ఛా" అన్నారు. నా బదిలీ కాగితం మీద సంతకం పెట్టారు. సిరా ఆరేదాకా ఊది, నా చేతికిచ్చారు.